జవాబు చెప్పే శత్రువు: యాంటీబయోసిస్ అనే మాట పుట్టుక, ప్రయాణం

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాస పాఠం)

యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరిట మాట్లాడమంటే విషయానికి కరువుండదు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన ఆ మనిషి చెయ్యి పడని జీవరసాయన రంగం అరుదు. కండరం పనిచేయడానికి కావలసిన ఫాస్ఫోక్రియేటిన్, ఏటీపీ అనే పదార్థాలను హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి వెలికితీశారు. అన్నదమ్ములిద్దరిని స్ప్రూ వ్యాధి ఒకరి వెంట ఒకరిగా పొట్టన పెట్టుకుంది. ఆ వ్యాధిలో పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని తరువాతి కాలంలో లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన బృందమే తయారుచేసింది. బోదకాలు నివారణకు మన ఊళ్లలో ఇంటింటికీ తిరిగి మింగించే డి.ఇ.సి. మాత్ర కూడా ఆ ప్రయోగశాలలోనే పుట్టింది.

ఇవాళ నేను ఎంచుకున్నది వీటిలో ఏదీ కాదు. 1948లో, సుబ్బారావుగారు కన్నుమూసిన సంవత్సరమే, ఆయన పరిశోధన విభాగం నుంచి ఆరియోమైసిన్ అనే మందు వెలువడింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటిది అదే. దానికి ఆధారం ఒక మట్టి నమూనా. ఆ మట్టిలో ఒక సూక్ష్మజీవి పక్కవాటిని ఎదగనివ్వకుండా అడ్డుకుంటోంది. ఈ అడ్డుకోవడానికి జీవశాస్త్రం పెట్టిన పేరు యాంటీబయోసిస్. ఆ మాట ఎక్కడ పుట్టింది, ఏ అర్థంతో పుట్టింది, ఎవరెవరి చేతుల్లో ఎలా మారింది అన్నదే ఈ ఉపన్యాసం.

నేను చెప్పదలచినది ముందే చెప్పేస్తాను. ఈ మాటకు మొదట ఇచ్చిన నిర్వచనంలోనే ఒక లోపం ఉంది. దెబ్బతినే జీవి ఊరికే పడి ఉంటుందని ఆ నిర్వచనం అనుకుంది. ఆ తరువాత వచ్చినవారు సంబంధానికి పెట్టిన పేరును పదార్థానికి పెట్టారు. ఈ రెండు కారణాల వల్ల అవతలి జీవి ఇచ్చే జవాబు మన దృష్టిలోంచి జారిపోయింది. ఇవాళ ఆసుపత్రుల్లో మందులకు లొంగని క్రిములను చూసి మనం ఆశ్చర్యపోతున్నామంటే, ఆ ఆశ్చర్యానికి మూలం అక్కడే ఉంది.

సంబంధాలకు పేర్లు పెట్టిన కాలం

పంతొమ్మిదో శతాబ్దం చివరి పాతికేళ్లు జీవుల మధ్య సంబంధాలకు పేర్లు పెట్టిన కాలం. అప్పటిదాకా జీవశాస్త్రవేత్తల పని ఎక్కువగా జీవులను ఒక్కొక్కదాన్నీ విడిగా పట్టుకుని వర్ణించడం, వర్గీకరించడం. ఒక జీవి మరొకదానితో ఎలా బతుకుతోంది అన్న ప్రశ్న 1870లలో ముందుకొచ్చింది. బెల్జియం జంతుశాస్త్రజ్ఞుడు వాన్ బెనెడెన్ సహభోజులను, పరాన్నజీవులను విడదీసి చూపించాడు. మొదటిది ఎదుటిదానికి కీడు చేయకుండా దాని పంక్తిలో తినేది, రెండవది ఎదుటిదాన్నే తినేది. 1878లో జర్మనీలోని కాసెల్ నగరంలో జరిగిన శాస్త్రవేత్తల సభలో అంటన్ డి బారీ అనే శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు సింబయోసిస్ అనే భావనను వివరించాడు. వేర్వేరు జాతుల జీవులు కలిసి బతకడమే సింబయోసిస్ అన్నాడు.

మన పాఠ్యపుస్తకాల్లో సహజీవనం అంటే ఇద్దరికీ లాభం కలిగే బతుకు. డి బారీ అర్థం అంత ఇరుకైనది కాదు. లాభమైనా నష్టమైనా, కలిసి బతకడమే ఆయనకు ప్రధానం. పరాన్నజీవనం కూడా ఆయన లెక్కలో సింబయోసిస్‌లో ఒక రకమే. లైకెన్‌లో శైవలం, శిలీంధ్రం ఒకదానినొకటి అల్లుకుని ఉన్న తీరు చూసినవాడికి లాభనష్టాల గీత అంత తేలిగ్గా గీయడం కుదరలేదు.

అదే సమయంలో పారిస్‌లో ఇంకో సంగతి బయటపడింది. 1877లో లూయీ పాశ్చర్, జూల్స్ జూబేర్ దొమ్మ వ్యాధి క్రిమిని పరీక్షనాళికలో పెంచుతున్నారు. శుభ్రమైన ద్రవంలో అది బాగా ఎదిగింది. గాలిలో ఉండే మామూలు బ్యాక్టీరియా కూడా అందులో పడితే ఎదుగుదల ఆగిపోయింది. దొమ్మ క్రిములతో పాటు మామూలు బ్యాక్టీరియాను కూడా కలిపి జంతువులకు ఎక్కించినప్పుడు వ్యాధి రాకుండా పోవడమూ చూశారు. దీన్ని చికిత్సకు వాడుకోవచ్చునేమో అన్న ఆశను వాళ్లు అప్పుడే రాతలో పెట్టారు. సంగతి దొరికింది కానీ దానికి పేరు లేదు.

వుయిమెన్ చెప్పిన సింహం

పేరు పెట్టినవాడు పాల్ వుయిమెన్. ఫ్రాన్స్‌లోని నాన్సీ నగరంలో పనిచేసిన శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు. 1889లో ఆయన చదివిన పత్రం పేరు 'యాంటీబయోసిస్, సింబయోసిస్'. గ్రీకులో యాంటీ అంటే ఎదురు, బయోస్ అంటే జీవితం. డి బారీ మాట కలిసి బతకడాన్ని చెబితే, వుయిమెన్ మాట ఎదిరించి బతకడాన్ని చెప్పింది. రెండు మాటలనూ ఒకే శీర్షికలో జంటగా పెట్టాడంటే, సంబంధాల పటంలో ఖాళీగా ఉన్న గడిని పూరించడమే ఆయన ఉద్దేశమని తెలుస్తుంది.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. వుయిమెన్ మొదట ఎత్తుకున్న ఉదాహరణల్లో సూక్ష్మజీవులు లేవు. వేట మీదికి దూకే సింహం, కాటువేసి విషమెక్కించి ఆ తరువాత మింగే పాము ఆయన ఉదాహరణలు. సింహాన్ని ఎవరూ పరాన్నజీవి అనరు. పరాన్నజీవికి ఆతిథేయి బతికి ఉండాలి, సింహానికి ఆ అవసరం లేదు. ఒక జీవి తన బతుకు కోసం మరొక జీవి బతుకును నాశనం చేసే ఈ సంబంధం మరీ సాదా అయినది కాబట్టి దీనికి ఇంతవరకు ఎవరూ పేరు పెట్టలేదనీ, చిక్కైన సంబంధాలలో ఇదొక భాగంగా కనిపించినప్పుడు విడదీసి చెప్పడానికి ఒక పేరు అవసరమనీ ఆయన వాదన.

ఆ నిర్వచనంలో కీలకమైన భాగం మరొకటి ఉంది. ఈ సంబంధంలో ఒకటి పూర్తిగా క్రియాశీలం, రెండవది పూర్తిగా నిష్క్రియం అన్నాడు వుయిమెన్. సింహం చేసేది, జింక పడేది. ఒక్క క్షణం చూస్తే అది నిజమే. తరతరాల లెక్కలో చూస్తే నిజం కాదు. జింక కాళ్లలోని పరుగు సింహానికి జింక జాతి ఇచ్చిన జవాబు. డార్విన్ గ్రంథం వెలువడి అప్పటికి 30 ఏళ్లు. అయినా ఆ జవాబు వుయిమెన్ నిర్వచనంలోకి రాలేదు. ఒక చేతితో చప్పట్లు మోగవని మన పెద్దలకు తెలుసు. యాంటీబయోసిస్‌ను ఒంటిచేతి చప్పట్లుగా నిర్వచించడంతో దాని చరిత్ర మొదలైంది.

అరవై ఏళ్ల నిరీక్షణ

ఆ తరువాత ఈ మాటను సింహాల నుంచి తప్పించి సూక్ష్మజీవులకు కట్టబెట్టారు. ప్రయోగశాలలో సంగతులు అలా వచ్చి పడ్డాయి. 1899లో మ్యూనిక్‌లో ఎమ్మెరిక్, లోవ్ ఒక బ్యాక్టీరియా నుంచి పయోసయనేజ్ అనే సారాన్ని తీసి గొంతువాపు, డిఫ్తీరియా రోగులకు వాడి చూశారు. దాని గుణం ఒకసారి ఉన్నట్టు ఇంకోసారి లేదు, పైగా విషప్రభావం ఉంది. కొన్నేళ్లకు పక్కన పెట్టేశారు. 1897లో లియోన్ నగరంలో ఎర్నెస్ట్ డ్యుషేన్ అనే యువ సైనిక వైద్యుడు బూజులకూ బ్యాక్టీరియాకూ మధ్య పోరు మీద సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1912లో క్షయతో పోయాడు.

1928లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పళ్లెంలో పెన్సిలియం బూజు చుట్టూ స్టాఫిలోకాకస్ కరిగిపోవడం కనిపించింది. ఈ కథ మీ అందరికీ తెలిసినదే. దాన్ని మందుగా మార్చినవారు ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్, వారి బృందం. 1940 వరకు ఆ పని జరగలేదు. పాశ్చర్ పరిశీలనకూ పెన్సిలిన్ సూదికీ మధ్య 60 ఏళ్లకు పైగా గడిచిందంటే, లోటు తెలివిది కాదు. ఒక సంబంధంలో నుంచి ఒక పదార్థాన్ని విడదీసి, శుద్ధిచేసి, నిలవ ఉంచే రసాయన విద్య అప్పటికి లేదు.

మట్టిలో ఈ పదార్థాలను ఉద్దేశపూర్వకంగా వెతకవచ్చునని చూపినవాడు రెనే దుబో. 1939లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో ఆయన మట్టి బాసిల్లస్ నుంచి టైరోథ్రిసిన్‌ను తీశాడు. దుబో అంతకుముందు సెల్మన్ వాక్స్‌మన్ శిష్యుడు. మన కథలోని రెండవ మలుపు ఆ వాక్స్‌మన్ దగ్గరే ఉంది.

వాక్స్‌మన్ చేతిలో మారిన అర్థం

ఉక్రెయిన్‌లో పుట్టి 1910లో అమెరికా చేరిన వాక్స్‌మన్ న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో మట్టి సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు. యాక్టినోమైసీట్లు అనే మట్టి జీవుల మీద దశాబ్దాల పాటు పనిచేశాడు. వాన కురిసినప్పుడు లేచే మట్టి వాసనలో పెద్ద పాలు వాటిదే. 1940లో ఆయన ప్రయోగశాల నుంచి యాక్టినోమైసిన్, 1942లో స్ట్రెప్టోథ్రిసిన్ వచ్చాయి. రెండూ రోగికి ఇవ్వలేనంత విషం. 1943లో ఆల్బర్ట్ షాట్జ్ అనే పరిశోధక విద్యార్థి రెండు స్ట్రెప్టోమైసిస్ రకాలను వేరుచేశాడు. ఒకటి బాగా ఎరువు వేసిన పొలం మట్టిలోది, మరొకటి కోడి గొంతులోంచి తీసినది. వాటి నుంచి స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. క్షయ మీద పనిచేసిన మొదటి మందు అది. ఘనత ఎవరిదన్న తగాదా 1950లో కోర్టుకెక్కి రాజీతో ముగిసింది. 1952లో నోబెల్ బహుమతి మాత్రం వాక్స్‌మన్ ఒక్కడికే ఇచ్చారు.

1940ల మొదట్లో ఒక సారాంశ పత్రిక సంపాదకుడు ఈ కొత్త పదార్థాలన్నిటికీ కలిపి ఒక పేరు సూచించమని వాక్స్‌మన్‌ను అడిగాడు. అప్పటికి విశేషణంగా అక్కడక్కడ ఉన్న యాంటీబయోటిక్ అనే మాటను ఆయన నామవాచకంగా ఇచ్చాడు. సూక్ష్మజీవులు తయారుచేసేది, పలచని ద్రావణంలో కూడా ఇతర సూక్ష్మజీవుల ఎదుగుదలను ఆపగలిగేది లేక చంపగలిగేది అయిన రసాయన పదార్థం అని దాని నిర్వచనం.

ఎంత చక్కని నిర్వచనమో చూడండి. అంత చక్కదనంలోనూ ఎంత పోయిందో కూడా చూడండి. యాంటీబయోసిస్ అన్నప్పుడు ఇద్దరున్నారు, ఒక చోటు ఉంది, ఒక కాలం ఉంది. యాంటీబయోటిక్ అన్నప్పుడు ఒక సీసా మిగిలింది. సంబంధం సరుకైంది. ఈ మార్పు వల్ల కోట్ల ప్రాణాలు దక్కాయన్నది నిర్వివాదం. నేను దాన్ని తప్పుపట్టడం లేదు. అయితే మందుల షాపులో అడిగే మాటలో మట్టి ఎక్కడా వినపడదు, అవతలి క్రిమి అసలే వినపడదు. వాడుకలో నిర్వచనం ఇంకా సడలింది. సిప్రోఫ్లాక్సాసిన్‌ను ఏ జీవీ తయారుచేయదు, అది రసాయనశాలలో పుట్టినది. వాక్స్‌మన్ లెక్కలో అది యాంటీబయోటిక్ కాదు. అయినా ఇప్పుడు అందరం అలాగే పిలుస్తున్నాం.

జవాబు

జవాబు ఎప్పుడు వచ్చింది? మందు రోగులకు అందక ముందే వచ్చింది. 1940లో ఆక్స్‌ఫర్డ్‌లోనే ఎడ్వర్డ్ ఏబ్రహాం, ఎర్నెస్ట్ చెయిన్ ఒక బ్యాక్టీరియాలో పెన్సిలిన్‌ను పాడుచేసే ఎంజైమును గుర్తించి ప్రకటించారు. 1945లో నోబెల్ ఉపన్యాసంలో ఫ్లెమింగ్ చాలీచాలని మోతాదు వాడితే క్రిములు రాటుదేలుతాయని హెచ్చరించాడు.

స్ట్రెప్టోమైసిన్ సంగతి ఇంకా స్పష్టం. బ్రిటన్ వైద్య పరిశోధన మండలి క్షయరోగుల మీద జరిపి 1948లో ప్రచురించిన పరీక్షలో మందు తీసుకున్న 55 మందిలో ఆరు నెలలకు నలుగురు చనిపోయారు. మంచం పట్టి విశ్రాంతి మాత్రమే తీసుకున్న 52 మందిలో 14 మంది పోయారు. వైద్య చరిత్రలో మైలురాయి అనదగిన ఫలితం ఇది. కానీ ఆ నివేదికలోనే ఇంకో అంకె ఉంది. మందు తీసుకున్నవారిలో పరీక్షించగలిగిన 41 మందిలో 35 మందికి మందుకు లొంగని క్రిములు తయారయ్యాయి. కొన్నేళ్లు గడిచాక చూస్తే రెండు జట్ల మరణాల మధ్య తేడా చాలావరకు చెరిగిపోయింది.

ఆ జవాబును లెక్కలోకి తీసుకున్నవారే క్షయను వంచారు. ఒక్క మందుతో కాకుండా రెండు మూడు మందులు ఒకేసారి ఇస్తే క్రిమికి తప్పించుకునే దారి మూసుకుపోతుందని తేలింది. స్ట్రెప్టోమైసిన్‌కు పాస్ అనే మందు, ఆ తరువాత 1952లో ఐసోనయజిడ్ తోడయ్యాయి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నుంచి నడిచిన శానిటోరియం వంటి చోట్ల అంతకుముందు చికిత్స అంటే ప్రధానంగా మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్స పరిశోధన కేంద్రం 1959లో ప్రకటించిన ఫలితాలు శానిటోరియంలో ఉన్నా, ఇరుకింట్లో ఉన్నా మందులు క్రమం తప్పకుండా మింగితే ఫలితం ఒక్కటేనని నిరూపించాయి. గుణం మందులో ఎంత ఉందో, వాడే పద్ధతిలోనూ అంత ఉందన్నమాట.

మట్టికి ముందే తెలుసు

మనం మందులు కనిపెట్టాక క్రిములు ఎదురు తిరగడం నేర్చుకున్నాయని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. 1973లో బెన్వెనిస్ట్, డేవిస్ ఆసుపత్రి క్రిములు స్ట్రెప్టోమైసిన్ కోవ మందులను పాడుచేయడానికి వాడే ఎంజైముల వంటివి ఆ మందులు తయారుచేసే మట్టి జీవుల్లోనే ఉన్నాయని చూపారు. విషం చేసే జీవి తనను తాను కాపాడుకోవాలి కదా. కత్తి చేసినచోటే డాలు కూడా తయారైంది. 2011లో కెనడా పరిశోధకులు యూకాన్ ప్రాంతపు గడ్డకట్టిన నేలలో 30,000 ఏళ్ల నాటి పొరల నుంచి డి.ఎన్.ఎ. తీసి చదివారు. పెన్సిలిన్ కోవకూ, వాంకోమైసిన్‌కూ, ఆరియోమైసిన్ చెందిన టెట్రాసైక్లిన్ కుటుంబానికీ ఎదురునిలిచే జన్యువులు అందులో ఉన్నాయి. అప్పటికి మనిషికి వ్యవసాయమే రాదు.

ఇంకొక సంగతి. మట్టిలో ఈ పదార్థాలు ఉండే మోతాదు చాలాచోట్ల చంపేటంత ఉండదు. చంపలేని మోతాదులో ఇవి పక్క జీవి జన్యువుల పనితీరును మారుస్తాయని 2002లో జూలియన్ డేవిస్ బృందం చూపింది. అంటే మన సీసాలో ఆయుధమైనది మట్టిలో కొన్నిసార్లు కబురు కూడా కావచ్చు. వుయిమెన్ అన్న క్రియాశీల, నిష్క్రియ విభజన ఇక్కడికి వచ్చేసరికి పూర్తిగా కూలిపోతుంది.

వరి మొవ్వలో

యాంటీబయోసిస్‌కు మూడవ అర్థం కూడా ఉంది, అది మన పొలాల్లోది. 1951లో అమెరికాలోని కాన్సాస్ కీటక శాస్త్రజ్ఞుడు రెజినాల్డ్ పెయింటర్ పంటల చీడనిరోధకత మీద పుస్తకం రాస్తూ దాన్ని మూడు తీరులుగా విభజించాడు. పురుగు మొక్కను ఇష్టపడకపోవడం ఒకటి. తిన్నా మొక్క తట్టుకోవడం ఒకటి. తిన్న పురుగు బతుకే దెబ్బతినడం మూడవది. ఈ మూడవదానికి ఆయన పెట్టిన పేరు యాంటీబయోసిస్. పురుగు చావవచ్చు, బక్కచిక్కవచ్చు, గుడ్లు తగ్గవచ్చు. వుయిమెన్ సింహాన్ని చెప్పాడు, పెయింటర్ మొక్కను చెప్పాడు. ఆహారమే తినేదాన్ని చంపుతోంది. 1889లో నిష్క్రియం అనిపించినదే 1951 నాటికి క్రియాశీలమైంది.

దీనికి మన నేల మీద మంచి ఉదాహరణ వరిలో ఉల్లికోడు. పిల్లపురుగు మొవ్వ మొదట్లోకి చేరితే పిలక ఉల్లికాడలా గొట్టమైపోతుంది, ఇక కంకి రాదు. వరంగల్ పరిశోధన స్థానంలో ఎంటీయూ 15 వంగడాన్ని ఈశ్వరకొర అనే వంగడంతో సంకరం చేసి డబ్ల్యూ 1263ను రూపొందించారు. సయాం 29 వంగడం నుంచి నిరోధకత తీసుకుని సురేఖ, ఫల్గుణ వచ్చాయి. ఫల్గుణలో పురుగు చేరినచోట కణజాలం తనంతట తానే చచ్చి గోధుమరంగుకు తిరుగుతుంది, పురుగూ చస్తుంది. డబ్ల్యూ 1263లో ఆ గుర్తు కనిపించకుండానే పిల్లపురుగు చస్తుంది. రెండూ యాంటీబయోసిసే, దారులు వేరు.

ఇక్కడా జవాబు వచ్చింది. ఫల్గుణ విస్తారంగా సాగైన తరువాత, 1980లలో శ్రీకాకుళం వైపు దాన్ని తిని బతికే ఉల్లికోడు తెగ బయలుదేరింది. దానికి శాస్త్రజ్ఞులు నాలుగవ బయోటైప్ అని పేరు పెట్టారు. వరంగల్ దగ్గర దానిలోనే మార్పు చెందిన మరో తెగను తరువాత గుర్తించారు. మందు కాదు, మాత్ర కాదు, ఉత్త వరి వంగడం. అయినా కథ స్ట్రెప్టోమైసిన్ కథే. ఒకే ఆయుధాన్ని పెద్ద మేరలో, చాలా కాలం ప్రయోగిస్తే అవతలి జీవి దాన్ని దాటే దారి వెతుక్కుంటుంది. దీన్ని వరి శాస్త్రజ్ఞులు గ్రహించి, ఒకటికి రెండు నిరోధక జన్యువులను ఒకే వంగడంలో కూర్చే పనిలో పడ్డారు. క్షయ వైద్యులు రెండు మూడు మందులు కలిపి ఇచ్చినది ఈ తర్కంతోనే.

ఇదే మట్టిలో యాంటీబయోసిస్‌ను సరుకుగా కాక సంబంధంగానే వాడుకునే పద్ధతి కూడా ఉంది. 1930లలో రిచర్డ్ వైండ్లింగ్ ట్రైకోడెర్మా అనే శిలీంధ్రం ఇతర శిలీంధ్రాలను చుట్టుకుని తినడం, వాటికి విషమైన పదార్థాన్ని వదలడం రెండూ చూశాడు. ఇవాళ వేరుశనగ, మిరప, పప్పుధాన్యాల రైతులు రెండు కిలోల ట్రైకోడెర్మా విరిడే పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువులో, 10 కిలోల వేపపిండిలో కలిపి, తడి ఆరకుండా వారం పది రోజులు నీడన మాగబెట్టి పొలంలో చల్లుతున్నారు. ఎండు తెగులు, వేరుకుళ్లు, మొదలుకుళ్లు అదుపులో ఉంటాయి. ఇందులో రైతు చల్లుతున్నది విషం కాదు, విషం చేయగల జీవి. అది అక్కడే బతకాలి, అవతలి జీవితో అక్కడే తేల్చుకోవాలి. అందుకే దీనికి సేంద్రియ పదార్థం కావాలి, తేమ కావాలి. సంబంధాన్ని వాడుకోవాలంటే దానికి కావలసిన చోటును కూడా సిద్ధం చేయాలి.

ఆరియోమైసిన్ రెండో వారసత్వం

సుబ్బారావుగారి దగ్గరికి తిరిగి వస్తాను. ఆరియోమైసిన్‌కు మూలమైన మట్టి మిస్సోరీ విశ్వవిద్యాలయపు సాన్‌బోర్న్ పొలంలోది. అందులోని బంగారు రంగు స్ట్రెప్టోమైసిస్‌ను గుర్తించినవాడు బెంజమిన్ డుగ్గర్. విశ్వవిద్యాలయ ఉద్యోగం నుంచి విరమించి, 70 దాటిన వయసులో లెడర్లీలో చేరిన వృక్షశాస్త్రజ్ఞుడు. అలాంటి పెద్దవాడు మట్టి నమూనాల వెంట తిరగగలిగే వాతావరణం ఆ పరిశోధన విభాగంలో ఉండేదన్నది సుబ్బారావుగారి దర్శకత్వానికి దక్కవలసిన గౌరవం. ఆయన పేరు మీద ఒక శిలీంధ్ర ప్రజాతికి 1953లో లెడర్లీ శాస్త్రజ్ఞుడు హెసెల్టైన్ సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశాడు.

అదే లెడర్లీలో, సుబ్బారావుగారు పోయాక, ఇంకో సంగతి జరిగింది. థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ కోడిపిల్లలకు విటమిన్ బి12 కోసం చవకైన వనరు వెతుకుతూ ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని మేపారు. విటమిన్‌తో వచ్చే ఎదుగుదల కంటే ఎక్కువ ఎదుగుదల కనిపించింది. ఆ పిప్పిలో మిగిలిన మందే దానికి కారణం. అక్కడి నుంచి ప్రపంచమంతటా కోళ్లు, పందులు, పశువుల దాణాలో ఈ మందులను చిన్న చిన్న మోతాదుల్లో రోజూ కలపడం మొదలైంది. ఫ్లెమింగ్ వద్దన్న పని అదే. చంపలేని మోతాదు, ఎడతెగని కాలం. యూరప్ 2006లో ఎదుగుదల కోసం ఈ వాడకాన్ని పూర్తిగా ఆపింది. మన దేశం 2019లో కొలిస్టిన్‌ను దాణాలో నిషేధించింది. మనుషులకు చివరి ఆశగా మిగిలిన మందుల్లో అదొకటి.

గుడ్ల ఉత్పత్తిలో, రొయ్యల సాగులో దేశానికి ముందువరసలో ఉన్నది ఆంధ్రప్రదేశ్. కాబట్టి ఈ మాట ముందు మనమే వినాలి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు తేలి మన రొయ్యల సరుకు విదేశీ రేవుల్లో తిరస్కరణకు గురైన సందర్భాలున్నాయి. అవశేషం వల్ల సరుకు పోతుందన్న భయం అందరికీ ఉంది. చెరువు అడుగు బురదలో ఏ తెగ పెరుగుతోందన్న భయం అంత లేదు.

మందులు తయారయ్యే చోటు సంగతి వేరే చెప్పాలి. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు జోకిం లార్సన్ బృందం హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో, దాదాపు 90 ఔషధ పరిశ్రమల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి పోయే నీటిని పరీక్షించి ప్రచురించింది. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. ప్రపంచానికి చవకగా మందులందించిన ప్రాంతమన్న పేరు మనకు గర్వకారణమే. ఆ మందుల పాలబడిన వాగులోని క్రిములకు మనం ఏ పాఠం నేర్పుతున్నామన్నది కూడా మన లెక్కలోకే రావాలి. 2019లో ప్రపంచవ్యాప్తంగా మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లనే నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ పత్రిక 2022లో ప్రచురించిన అంచనా.

నిర్వచనం మార్చుకుందాం

విద్యార్థులారా, మీ పరీక్షలో యాంటీబయోసిస్‌ను నిర్వచించమని అడిగితే, ఒక జీవి మరొక జీవికి హాని చేసే సంబంధం అని రాస్తారు. మార్కులు వస్తాయి. నా మటుకు నేను దానికి ఇంకొక వాక్యం చేర్చమంటాను: హాని పొందిన జీవి తరాల మీద దానికి జవాబు చెబుతుంది, ఆ జవాబు కూడా ఈ సంబంధంలో భాగమే. ఈ వాక్యం పాఠ్యపుస్తకంలో ఉంటే, మందుకు లొంగని క్రిమిని మందు వైఫల్యంగా కాక ఊహించవలసిన పరిణామంగా మన పిల్లలు చూస్తారు.

అలా చూసినప్పుడు చేయవలసిన పనులు వాటంతట అవే తేలుతాయి. జలుబుకూ వైరస్ జ్వరానికీ ఈ మందులు రాయకూడదు, అడగకూడదు. షెడ్యూల్ హెచ్1 కింద 2014 నుంచి మందుల షాపులు ఉంచవలసిన రిజిస్టరు నిజంగా రాయాలి, దాన్ని ఎవరో ఒకరు నిజంగా చూడాలి. కోడికి, రొయ్యకు జబ్బు చేస్తే పశువైద్యుడు రాసిన మందు వాడాలి. ఎదుగుదల కోసం వాడకూడదు. కర్మాగారపు నీటిలో మందు ఎంత దాకా ఉండవచ్చో చట్టం ఒక అంకె చెప్పాలి, ఆ అంకెను కొలిచి ప్రజల ముందు పెట్టాలి. వంగడాల్లో, మందుల్లో ఒకే ఆయుధాన్ని నమ్ముకోవడం మానాలి. కొత్త మందు కోసం పరిశోధనకు ఇచ్చే డబ్బులో కొంతైనా ఉన్న మందులను నిలుపుకునే పరిశోధనకు కేటాయించాలి.

సుబ్బారావుగారి బృందం మట్టి నుంచి తెచ్చిన మందుకు 80 ఏళ్లు కూడా నిండలేదు. ఇలాంటి మందులు మరో 80 ఏళ్లు పనిచేయాలంటే కొత్త మేధావి కోసం ఎదురుచూడనక్కరలేదు. డాక్టరు చీటీలో, దాణా బస్తాలో, కర్మాగారపు గొట్టంలో మనం ఇవాళ పాటించే క్రమశిక్షణ చాలు. ఆ పని ఈ సభలో ఉన్న వైద్యులు, ఫార్మసిస్టులు, అధ్యాపకులు, రైతులు తమ తమ చోట్ల మొదలుపెట్టాలని కోరుతున్నాను.